పొయ్యి ఆరిన ఇళ్లు: విక్టోరియన్ గోడల్లో చెమ్మ ఎక్కడిది?

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లో నేడు జనం ఉంటున్న ఇళ్లలో దాదాపు ఐదో వంతు 1919కి ముందు కట్టినవే. వాటిలో చాలావరకు విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటివి, లేదా అదే పద్ధతిలో ఆ తర్వాత కొన్నేళ్లకు లేచినవి. వాటి రూపురేఖల్లో అభిరుచి కంటే పన్నులకు, రైళ్లకు, లీజులకు, మునిసిపల్ నిబంధనలకు ఎక్కువ వాటా ఉంది. ఇక ఆ ఇల్లు పొడిగా ఉండటానికి సున్నం ఎంత అవసరమో, గది వెచ్చబెట్టడానికి గదిగదిలో మండే బొగ్గు పొయ్యి కూడా అంతే అవసరం. పొయ్యి పోయి ఇల్లు మిగలడంతో వచ్చిన చిక్కులే నేటి చెమ్మ, బూజు తగాదాల్లో పెద్ద భాగం.

ఓనరు మాట, అద్దెదారు మాట

చలికాలం మొదలయ్యిందంటే లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్లలో పాత ఇళ్ల ఓనర్లకూ అద్దెకుండేవారికీ మధ్య ఒకే రకం గొడవ. గది మూలల్లో నల్లటి బూజు, బీరువా వెనక చెమ్మ, నేలకు దగ్గరగా గోడ మీద ఊడిపోతున్న పెచ్చులు. గదిలో బట్టలు ఆరేస్తారు, కిటికీ తెరవరు అని ఓనరు అంటాడు. ఇల్లే అలాంటిదని అద్దెకున్నవారు అంటారు. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వైపు వీధులకు వీధులే ఇలాంటి ఇళ్లు. అక్కడ దిగే తెలుగు విద్యార్థులకు, ఉద్యోగులకు ఈ టెన్షన్ పరిచయమే. సోషల్ హౌసింగ్ ఇళ్లలో, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, చెమ్మ, బూజు ఫిర్యాదులపై గడువులోగా కదలాలన్న నియమం ఇంగ్లండ్‌లో 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లోకి రావడంతో ఈ చర్చ మళ్లీ వేడెక్కింది.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అసలు సంగతి గోడలో ఉంది. ఆ గోడను ఎవరు, ఏ లెక్కతో, దేనితో కట్టారో తెలిస్తేగాని ఎవరిది ఎంత తప్పో తేలదు.

కట్టింది మేస్త్రీ, నడిపింది లీజు

1801లో ఇంగ్లండ్, వేల్స్‌ల జనాభా సుమారు 90 లక్షలు. 1901 నాటికి అది 3 కోట్ల 25 లక్షలు. 1851 జనగణనలో పట్నవాసులు సగం దాటారు. ఇంతమందికి ఇళ్లు కట్టింది ప్రభుత్వం కాదు, పేరున్న ఆర్కిటెక్టులూ కాదు. తాపీ పనివాళ్లుగానో వడ్రంగులుగానో మొదలై, ఏడాదికి నాలుగైదు ఇళ్లు కట్టుకుంటూ పోయే చిన్న బిల్డర్లే ఎక్కువ భాగం కట్టారు.

వారి వ్యాపారం సాగిన తీరు ఇది. భూమి ఏ జమీందారుదో, చర్చిదో అయి ఉండేది. లండన్‌లో అలాంటి యజమానులు భూమిని అమ్మేవారు కాదు, 99 ఏళ్ల లీజుకిచ్చేవారు. కట్టుబడి జరిగే మొదటి ఏడాదీ రెండేళ్లూ నామమాత్రపు అద్దె చాలు. దస్తావేజుల్లో దాన్ని ‘మిరియపు గింజ’ అద్దె అనేవారు. బిల్డరు తన దగ్గర డబ్బు లేకపోయినా, ఖాతాదారుల సొమ్ము చేతిలో ఉన్న లాయరు దగ్గర అప్పు తెచ్చి రెండు ఇళ్ల గోడలు లేపి కప్పు వేసేవాడు. వాటిని తాకట్టు పెట్టో అమ్మో తర్వాతి రెండింటి పని మొదలుపెట్టేవాడు. కొనేది కూడా ఆ ఇంట్లో ఉండబోయేవారు కాదు. అద్దెల మీద బతకాలనుకునే దుకాణదారులు, వితంతువులు, చిన్న పెట్టుబడిదారులు కొనేవారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో పదింట తొమ్మిది కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉండేవి.

అంటే కట్టినవాడు అందులో ఉండడు, కొన్నవాడూ ఉండడు, 99 ఏళ్లు నిండితే ఇల్లు భూమి యజమానికి పోతుంది. ఈ లెక్కలో ఇంటి ముందు భాగానికి ఖర్చు పెడితే వెంటనే అద్దె రూపంలో తిరిగొస్తుంది. గోడ లోపల పెట్టిన ఖర్చు ఎవరికీ కనబడదు. అందుకే ముఖద్వారం చుట్టూ అచ్చులో పోసిన పూలతలు, రంగుల టైల్స్ నేల, ముందు గదిలో కప్పుకు గుండ్రటి అలంకారం ఉంటాయి. వెనక్కి వెళ్తే నాసిరకం ఇటుక, బోడి గోడ కనిపిస్తాయి. ముఖం వైపు మంచి ఇటుక ఖరీదు కాబట్టి, గోడ మందం మొత్తానికీ అడ్డంగా పోవాల్సిన ఇటుకను సగానికి విరగ్గొట్టి బయటి నుంచి తల మాత్రం కనిపించేలా పెట్టేవారు. చూడటానికి రెండు వరుసలూ కలిపి కట్టినట్టే ఉంటుంది. నిజానికి బయటి పొర లోపలి పొరను పట్టుకుని ఉండదు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు కట్టే ఈ నాసి పనికి ఇంగ్లీషులో జెర్రీ బిల్డింగ్ అన్న పేరు అప్పుడే పడింది.

అందరూ అలా కట్టలేదు. లండన్‌లోని బెల్‌గ్రేవియా, పిమ్లికో ప్రాంతాలను కట్టిన థామస్ క్యూబిట్ అన్ని రకాల పనివాళ్లనూ జీతాల మీద సొంత వర్క్‌షాపులో పెట్టుకుని పెద్ద ఎత్తున, గట్టిగా కట్టించాడు. కానీ ఆయన దారిలో నడవగల పెట్టుబడి కొద్దిమందికే ఉండేది.

ఇళ్లు సన్నగా, లోతుగా ఉండటం కూడా లెక్కే. రోడ్డు, మురుగు కాలువ ఖర్చు ఇంటి ముందు వెడల్పును బట్టి పడుతుంది. అందుకే 15 నుంచి 18 అడుగుల ముఖంతో ఇంటిని ఇంటికి అతికించి వరుసగా కట్టారు. దీన్నే టెర్రస్ అంటారు. సన్నని నడవా, వీధి వైపు ముందు గది, దాని వెనక మరో గది. ఆ వెనక ఇంటి కంటే సన్నగా సాగే తోక లాంటి భాగంలో వంటగది, గిన్నెలు తోమి బట్టలు ఉతికే స్కల్లరీ. తోకను సన్నగా చేసింది మధ్య గదికి కిటికీ పెట్టడానికే. అయితే ఆ కిటికీ తెరుచుకునేది పక్కింటి గోడకూ తోకకూ మధ్య మిగిలిన ఇరుకు సందులోకి. విక్టోరియన్ టెర్రస్‌లో మధ్య గది ఎప్పుడూ చీకటిగా ఉంటుందన్న ఫిర్యాదుకు కారణం ఇది.

కిటికీకి కొమ్ములు ఎందుకొచ్చాయి

పాత వీధిలో నడుస్తూ ఇల్లు 1840లకు ముందుదో తర్వాతదో చెప్పాలంటే కిటికీ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. దాని వెనక మూడు పన్నుల రద్దు ఉంది.

ఇంటికి ఉన్న కిటికీలను బట్టి వేసే పన్ను 1696లో మొదలైంది. ఉన్న కిటికీని ఇటుకలతో మూసేసుకున్న ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. గాజు మీద పన్ను 18వ శతాబ్దం నడుమ వచ్చింది. ఇటుక మీద పన్ను 1784లో వెయ్యికి రెండున్నర షిల్లింగులతో మొదలై పెరుగుతూ పోయింది. పన్ను ఇటుకల సంఖ్యను బట్టి కాబట్టి కొందరు ఇటుకనే పెద్దది చేశారు. దాంతో పరిమితి దాటిన ఇటుకకు రెట్టింపు పన్ను వేశారు. తర్వాత గాజు పన్ను 1845లో, ఇటుక పన్ను 1850లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. ఆరేళ్లలో ఇంటి ముఖం ఖరీదు తగ్గిపోయింది.

గాజు తయారీ పద్ధతి కూడా అదే కాలంలో మారింది. పాత క్రౌన్ గాజును ఊది, తిప్పి పళ్లెంలా చేసేవారు. దాన్నుంచి చిన్న ముక్కలే వచ్చేవి. అందుకే పాత కిటికీ రెక్కలో ఆరేసి చిన్న అద్దాలు, వాటి మధ్య సన్నని చెక్క బద్దీలు ఉంటాయి. పొడవాటి గొట్టంలా ఊది, చీల్చి, పరిచే పద్ధతి బాగుపడ్డాక పెద్ద పలకలు చవకయ్యాయి. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్‌కు స్మెథ్‌విక్‌లోని చాన్స్ బ్రదర్స్ దాదాపు 3 లక్షల అద్దాలు ఇవ్వగలిగింది ఈ పద్ధతితోనే.

సాష్ కిటికీ అంటే కిందికీ పైకీ జరిగే రెండు రెక్కలు, గోడలోని చెక్కపెట్టెలో తాడుకు వేలాడే ఇనుప గుండ్లు. పెద్ద అద్దం వచ్చాక బద్దీలు పోయాయి. కానీ బద్దీలు చట్రానికి బలం కూడా ఇచ్చేవి. ఇప్పుడు బరువు పెరిగింది, బలం తగ్గింది. మూల కీళ్లు విడిపోకుండా వడ్రంగులు నిలువు చెక్కను కీలు దాటి రెండంగుళాలు కిందికి వదిలి, దాన్ని అందంగా చెక్కారు. అవే కొమ్ములు. విక్టోరియన్ శైలి అంటూ ఈరోజు ప్లాస్టిక్ కిటికీలకు కూడా అతికిస్తున్న ఆ కొమ్ములు పుట్టింది గాజు బరువు మోయడానికి.

రైలెక్కిన పలకలు

రైలుకు ముందు ఏ ఊరి ఇల్లు ఆ ఊరి మట్టితో, రాయితో ఉండేది. 1850 నాటికే బ్రిటన్‌లో 6 వేల మైళ్లకు పైగా రైలు పట్టాలు పడ్డాయి. దాంతో దూరం ఖరీదు పడిపోయింది.

అన్నిటికంటే ఎక్కువగా మారింది కప్పు. ఉత్తర వేల్స్‌లోని పెన్‌రిన్, డినార్విక్ క్వారీల నుంచి ఊదా, బూడిద రంగు పలకలు దేశమంతా పరుచుకున్నాయి. మార్కాపురం పలకలు చూసినవారికి ఈ రాయి గుణం తెలుసు. ఉలి పెడితే పొరలుగా చీలుతుంది, నీరు పీల్చదు, సన్నగా ఉన్నా నిలుస్తుంది. పెంకు కంటే తేలిక కాబట్టి కింది వాసాలు సన్నవైనా సరిపోతాయి, కప్పు వాలూ తగ్గించవచ్చు. బిల్డరుకు కలప ఖర్చు మిగులుతుంది. పలకల సైజులకు క్వారీ వాళ్లు పెట్టిన పేర్లు మాత్రం తమాషాగా ఉంటాయి: 24 అంగుళాలకు 12 అంగుళాలు ఉంటే డచెస్, 20కి 10 అయితే కౌంటెస్, 16కి 8 అయితే లేడీ. కూలివాడి ఇంటి మీదకూ దొరసానులే ఎక్కారన్నమాట.

ఇటుకది మరో కథ. అంతకుముందు ఇటుకలను ఆవంలో పేర్చి కాల్చేవారు. వారాల తరబడి కాలాలి, చల్లారాలి. నిప్పు వేడిలో చాలా భాగం గాలికి పోయేది. 1858లో జర్మన్ ఇంజనీరు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ పేటెంట్ తీసుకున్న బట్టీలో గుండ్రంగా గదులుంటాయి. ఇటుక కదలదు, నిప్పే ఒక గది నుంచి మరో గదికి నడుస్తుంది. కాలిన ఇటుకను చల్లార్చే గాలి వేడెక్కి నిప్పుకు అందుతుంది. నిప్పు దాటి వచ్చిన వేడి గాలి ముందున్న పచ్చి ఇటుకను ఆరబెడుతుంది. బట్టీ ఆరే పనే లేదు. ఈ బట్టీకి ఒక మార్పు రూపమైన బుల్స్ ట్రెంచ్ కిల్న్‌ను 1876లో ఒక బ్రిటిష్ ఇంజనీరు భారతదేశంలో రూపొందించాడు. ఉత్తర భారతంలో ఇప్పటికీ అలాంటి బట్టీలు వేలల్లో ఉన్నాయి.

1880ల్లో పీటర్‌బరో దగ్గర ఫ్లెటన్ ఇటుక మొదలైంది. అక్కడి బంకమట్టిలోనే మండే పదార్థం ఉంది కాబట్టి ఇటుక కొంతవరకు తన ఇంధనాన్ని తానే మోసుకొస్తుంది. రైలు, చవక బట్టీ కలిసి స్థానిక రంగులను మెల్లగా వెనక్కి నెట్టాయి. సుద్ద, బూడిద కలిపిన మట్టితో వచ్చే లండన్ పసుపు ఇటుక చాలా వీధుల్లో ఇంటి వెనక్కి పోయింది, ఎర్ర ఇటుక ముందుకొచ్చింది.

36 అడుగుల వీధి

కలరా, 1858 వేసవిలో మురుగు కలిసిన థేమ్స్ నది కంపు, వాటి తర్వాత వచ్చిన ఆరోగ్య చట్టాలు వీధి కొలతలను నిర్ణయించాయి. 1875 పబ్లిక్ హెల్త్ యాక్ట్ వెంట 1877లో వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం బండ్లు తిరిగే కొత్త వీధి కనీసం 36 అడుగుల వెడల్పు ఉండాలి, ఇంటి వెనక కనీసం 150 చదరపు అడుగుల ఖాళీ జాగా ఉండాలి. బిల్డర్లు ఆ కనీసాన్నే గరిష్ఠంగా తీసుకున్నారు. ఇంగ్లండ్ పారిశ్రామిక పట్నాల్లో ఒకే కొలతతో మైళ్ల కొద్దీ సాగే వరుస ఇళ్లు అలా వచ్చినవే.

దానికి ముందున్న వాటితో పోలిస్తే ఇవి ఎంతో మేలు. బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్, లీడ్స్‌లలో బ్యాక్-టు-బ్యాక్ ఇళ్లు వీపుకు వీపు ఆనించి కట్టినవి. మూడు వైపులా పక్కవారి గోడలే కాబట్టి గాలి ఆడే దారి ఒక్క ముందు వైపే. నీళ్ల పంపు, మరుగుదొడ్డి పెరట్లో ఉమ్మడిగా ఉండేవి. మాంచెస్టర్ వీటిని 1844లోనే ఆపేసింది, 1909లో దేశమంతా నిషేధం వచ్చింది. చట్టంలోని సందు వాడుకుని లీడ్స్ మాత్రం 1937 దాకా కడుతూనే ఉంది. మరోవైపు టైటస్ సాల్ట్ లాంటి మిల్లు యజమానులు కార్మికులకు సాల్టెయిర్ లాంటి పద్ధతైన ఊళ్లనే కట్టించారు. అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే.

తొమ్మిదంగుళాల గోడ పని చేసే తీరు

తెలుగునాట మేస్త్రీలకు తొమ్మిదంగుళాల గోడ అంటే వివరించక్కర్లేదు. విక్టోరియన్ టెర్రస్ బయటి గోడ అదే. ఒక ఇటుక పొడవంత మందం, మధ్యలో ఖాళీ లేదు. లోపలి పొరకూ బయటి పొరకూ మధ్య గాలి ఖాళీ వదిలే గోడలు 19వ శతాబ్దంలో అక్కడక్కడా మొదలైనా, మామూలు ఇళ్లకు చేరింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే.

వానలు ఎక్కువగా ఉండే దేశంలో ఖాళీ లేని ఇటుక గోడ ఎలా నిలిచింది? జవాబు సున్నం. సున్నపురాయిని 900 డిగ్రీల వరకు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి తడి సున్నం అవుతుంది. ఇసుకతో కలిపి ఇటుకల మధ్య వేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ పీల్చుకుని నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. మన పాత ఇళ్లకు వాడిన గానుగ సున్నం, డంగు సున్నం వెనక ఉన్నదీ ఇదే రసాయనం.

సున్నపు అతుకు ఇటుక కంటే మెత్తన, దానికి సన్నని రంధ్రాలెక్కువ. మెత్తన కాబట్టి కింది నేల కదిలినా గోడ ఒకేచోట పగలకుండా, వందల అతుకుల్లో కంటికి కనబడనంత సర్దుకుంటుంది. లండన్ బంకమట్టి వేసవిలో కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ ఇళ్ల పునాదులు చాలాచోట్ల రెండడుగుల లోతు కూడా లేవు. అయినా నిలిచాయి. ఇక రంధ్రాలున్నాయి కాబట్టి వానకు గోడలోకి దిగిన తడి, ఎండా గాలీ తగిలినప్పుడు అతుకుల గుండా బయటికి పోతుంది. గోడను తడవకుండా ఆపడం ఇందులో లేదు. తడిసింది ఆరేలా చూడటమే ఉంది. ఇలాంటి గోడ ఊపిరి పీలుస్తుందని చాలామంది అంటారు. ఆ మాట కాస్త తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే గోడ గుండా పోయేది గాలి కాదు, తడి.

1824లోనే జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. థేమ్స్ కంపు తర్వాత ఇంజనీరు జోసెఫ్ బజాల్‌గెట్ కట్టించిన లండన్ మురుగు కాలువల్లో దాన్ని బస్తా బస్తా పరీక్షించి మరీ వాడారు. వీధి కింద సిమెంట్, వీధి మీద ఇంటికి సున్నం. బిల్డర్లకు సున్నం చవక, చేయి తిరిగిన పని. కారణం అంతే, కానీ ఇళ్లకు అది మేలే చేసింది.

అయితే సున్నం ఒక్కటే ఇంటిని పొడిగా ఉంచలేదు. కింది అంతస్తు నేల చెక్కపలకలది. వాటి కింద అడుగున్నర, రెండడుగుల ఖాళీ, బయటి గోడలో చిల్లుల ఇటుకలు. గాలి ఆ చిల్లుల గుండా నేల కిందికొచ్చి, పలకల సందుల్లోంచి గదిలోకి తేలి, సాష్ కిటికీ సందుల నుంచి వచ్చిన గాలితో కలిసి ఒకే చోటికి పోయేది: పొయ్యిలోకి. ప్రతి ముఖ్యమైన గదికీ ఒక పొయ్యి, ప్రతి పొయ్యికీ గోడలో సొంత గొట్టం. వీధిలో నిలబడి కప్పు మీద పొగగొట్టాల చివర ఉండే కుండలు లెక్కపెడితే లోపల ఎన్ని పొయ్యిలున్నాయో తెలుస్తుంది. మండే బొగ్గు వేడిలో అధిక భాగం గొట్టం వెంట పైకే పోయేది. గది వెచ్చబెట్టడంలో అది దండగ. కానీ పోతూ పోతూ గదిలోని తడి గాలినంతా లాక్కుపోయేది. ఆ లెక్కన బొగ్గు పొయ్యి ఇంటికి హీటర్ కంటే ఎక్కువగా ఎగ్జాస్ట్ ఫ్యాన్.

దాని మూల్యం తక్కువేం కాదు. అడుగు కూడా లేని ఇరుకు గొట్టాల్లోకి మసి తీయడానికి చిన్న పిల్లలను ఎక్కించేవారు. 1840లో, 1864లో చట్టాలు చేసినా ఆగలేదు. మసి తీసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసి, అమలును పోలీసులకు అప్పగించిన 1875 చట్టంతోగాని అది ఆగలేదు. ఓ మాదిరి ఇళ్లలో బొగ్గు మోసి, బూడిద ఎత్తడానికే పనిమనిషి కావాల్సి వచ్చేది. శతాబ్దం చివరికి ఇంటిపనిలో ఉన్నవారు పది లక్షలు దాటారు.

పొయ్యి ఆరాక

1952 డిసెంబర్‌లో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేలమందిని బలితీసుకుంది. 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. 1967 తర్వాత పదేళ్లలో ఉత్తర సముద్రపు గ్యాస్ ఇంటింటికీ చేరింది. బాయిలర్, రేడియేటర్లు వచ్చాయి. పొయ్యిలకు బోర్డులు కొట్టారు, గొట్టాల నోళ్లు మూశారు. ఆ తర్వాత జరిగినవన్నీ విడివిడిగా చూస్తే సబబైనవే. చలిగాలి వస్తోందని సాష్ కిటికీలు తీసి, సందు లేని డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) కిటికీలు పెట్టారు. నేల నుంచి గాలి వస్తోందని చిల్లుల ఇటుకలు మూశారు, పలకల మీద కార్పెట్ పరిచారు. అరిగిన అతుకులకు సిమెంట్ పాయింటింగ్ చేశారు, అంటే వాటి బయటి అంచును సిమెంట్‌తో పూడ్చారు. లోపల ప్లాస్టిక్ గుణమున్న రంగు వేశారు.

సిమెంట్ పాయింటింగ్ చేసే నష్టం నిదానంగా బయటపడుతుంది. అతుకు ఇటుక కంటే గట్టిగా, నీరు వదలనిదిగా మారితే లోపలి తడి అతుకు వదిలి ఇటుక ముఖం నుంచి బయటికి దారి వెతుక్కుంటుంది. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. కొన్నేళ్లకు సిమెంట్ గళ్లు నిలబడి, మధ్య ఇటుకలు తిన్నట్టుగా ఉండే గోడలు మిగులుతాయి.

లోపల, నలుగురున్న కుటుంబం ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టల ద్వారా రోజుకు 10 లీటర్ల దాకా నీటిని గాలిలో కలుపుతుందని మామూలు అంచనా. అన్నం ఉడికే ఆవిరి, చారు మరిగే ఆవిరి అందులోవే. పొయ్యి ఉన్న రోజుల్లో ఇదంతా గొట్టం ఎక్కేది. ఇప్పుడది చల్లటి గోడ వెతుక్కుని నీటిబొట్లవుతుంది. బయటి గోడ మూల, బీరువా వెనక గాలి ఆడని చోటు అన్నిటికంటే చల్లగా ఉంటాయి కాబట్టి బూజు అక్కడే మొదలు. ఓనరు చెప్పే బట్టల సంగతి ఈ మేరకు నిజం. బట్టలు ఆరేయకుండా ఉండలేని వాతావరణంలో తడి పోయే దారులన్నీ మూసి అద్దెకివ్వడం కూడా అంతే నిజం.

నేల నుంచి పైకెక్కే చెమ్మ వేరు. దాన్ని ఆపడానికి గోడ అడుగున పలకలో, తారు పొరో వేయడం 1870ల నిబంధనలతో మామూలైంది. అంతకుముందు కట్టిన చాలా ఇళ్లకు అది లేదు. అయితే చెమ్మ కనిపించగానే గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించడం ఈ రంగంలో అలవాటుగా మారింది. చెమ్మ చూడటానికి వాడే, పిన్నులు గుచ్చే మీటరు కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందన్నదే. గోడలో ఉప్పు పేరుకున్నా రీడింగ్ పెరుగుతుంది. కాబట్టి మీటరు చెప్పిందల్లా నేల చెమ్మ కాదు. పగిలిన వానగొట్టం, ఆకులు నిండిన కప్పు కాలువ, ఏళ్ల తరబడి ఎత్తు పెరిగి తారు పొరను దాటేసిన బయటి ఫుట్‌పాత్, మూసేసిన చిల్లుల ఇటుక: ముందు చూడాల్సినవి ఇవి. వీటికయ్యే ఖర్చు రసాయనంతో పోలిస్తే చిన్నది, బహుశా అందుకే వీటి పేరు ఎస్టిమేట్లలో తక్కువగా కనిపిస్తుంది.

అమెరికాలో అదే పేరు, వేరే ఇల్లు

అమెరికాలోని తెలుగువారికి విక్టోరియన్ అనగానే శాన్ ఫ్రాన్సిస్కోలోని రంగురంగుల చెక్క ఇళ్లు గుర్తొస్తాయి. కాలం ఒకటే, కట్టడం పూర్తిగా వేరు. యంత్రంతో కోసిన సన్నని కలప, చవక మేకులు దొరకడంతో 1830ల నుంచి షికాగో వైపు బెలూన్ ఫ్రేమ్ పద్ధతి వ్యాపించింది. బరువైన దూలాలు, చెక్కిన కీళ్లు లేకుండా, పునాది నుంచి కప్పు దాకా నిలువు కర్రలు నిలిపి మేకులతో బిగించడమే. శాన్ ఫ్రాన్సిస్కోలో పైనా కిందా రెడ్‌వుడ్ కలపే, చెక్క నగిషీలు ఆవిరి యంత్రాల మిల్లుల్లో తయారై వచ్చేవి. అక్కడి భయం చెమ్మ కంటే నిప్పు. నిలువు కర్రల మధ్య ఖాళీ కింది నుంచి అటక దాకా అడ్డు లేకుండా ఉండటంతో మంట గోడ లోపలే పైకి ఎగబాకుతుంది. ఇంగ్లండ్ ఇంటికి చెప్పే మరమ్మతు సలహా ఈ చెక్క ఇంటికి పనికిరాదు, దీనికి చెప్పేది ఇంగ్లండ్ ఇంటికీ పనికిరాదు.

గోడకు కంబళి కప్పడం

ఇప్పుడు ఒత్తిడి కరెంటు, గ్యాస్ బిల్లుల వైపు నుంచి వస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటుగా అద్దెకిచ్చే ఇంటికి ఇంధన సర్టిఫికెట్‌లో (ఎ నుంచి జి దాకా గ్రేడ్లుంటాయి, ఎ మేలు) కనీసం ఇ గ్రేడు ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా, ఆ గీత పైకి జరుగుతుందన్న అంచనాతోనే ఓనర్లు ఉన్నారు. చదరపు మీటరు గోడ గుండా, ఒక్కో డిగ్రీ తేడాకు ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పేది యు విలువ. తొమ్మిదంగుళాల గోడకు చాలాకాలం 2.1 అని లెక్కకట్టారు. నిజమైన ఇళ్లలో కొలిచి చూస్తే గోడలు అంతకంటే మెరుగ్గా కనిపించడంతో 2017లో ఆ అంకెను 1.7కి దించారు. కొత్తగా కట్టే ఇంటి గోడ ఇంగ్లండ్‌లో 0.26 దాటకూడదు. తేడా ఇప్పటికీ ఆరు రెట్లకు పైనే.

అటక మీద దూది లాంటి ఇన్సులేషన్ పరచడం, చెక్క నేల కింద గాలి దారి మూయకుండా దూలాల మధ్య ఇన్సులేషన్ బిగించడం, వంటగదికీ బాత్రూముకూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం తక్కువ ప్రమాదంతో అయ్యే పనులు. గోడ దగ్గరే చిక్కు. బయట కప్పితే గోడ వెచ్చగా, పొడిగా ఉంటుంది కానీ ఇటుక ముఖం, నగిషీ మాయమవుతాయి. పాత రూపం కాపాడాలని గుర్తించిన రక్షిత ప్రాంతాల్లో వీధి వైపు దానికి సాధారణంగా అనుమతి రాదు. లోపల కప్పితే గది కొంత కుంచించుకుపోతుంది, గోడ బయటి చలికి వదిలేసినట్టవుతుంది. అంతకుముందు గది వేడి కొంతైనా గోడలోకి పోయి దాన్ని ఆరబెట్టేది, ఇప్పుడు అదీ ఉండదు. తడిని వదిలే చెక్కనార పలకలు, సున్నపు పూత వాడితే ప్రమాదం తగ్గుతుంది, ప్లాస్టిక్ ఫోమ్ షీట్ అంటిస్తే పెరుగుతుంది.

ఏది వాడినా ఒక చోటు మాత్రం చూసుకోవాలి. పై అంతస్తును మోసే దూలాల కొనలు ఆ తొమ్మిదంగుళాల గోడలోకి నాలుగున్నర అంగుళాలు చొచ్చుకుని కూర్చుంటాయి. గోడ చల్లబడి తడి నిలిస్తే మొదట మెత్తబడేవి అవే. పైనుంచి చూస్తే కార్పెట్, కింద నుంచి చూస్తే కప్పు పూత. నేల పలక ఎత్తి, వేలితో నొక్కి చూస్తేగాని అక్కడేం జరుగుతోందో తెలియదు.